పదకొండు మందిలో పిల్లాడిని చూసేదెవరు?

ప్రొద్దుటూరు నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 36. భర్త బంగారు అంగడిలో లెక్కలు రాస్తారు. పాపకు పదమూడేళ్లు, బాబుకు ఎనిమిది. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటారు. పోయిన మే నెలలో ఒక ఆదివారం మరిది కుటుంబం, ఆడబిడ్డ, ఆమె కొడుకు అందరూ కలిసి పదకొండు మంది తుఫాను బండి మాట్లాడుకుని చెన్నై మెరీనాకు పోయారు. సాయంత్రం నాలుగున్నరకు లైట్‌హౌస్‌కు కొంచెం ఉత్తరంగా చాప పరిచారు. అన్నదమ్ములిద్దరూ పిల్లలతో నీళ్ల దగ్గరికి పోయారు. తోడికోడలు, ఆడబిడ్డ ఫొటోలు దిగడానికి పోయారు. ఈమె అత్తగారిని కనిపెట్టుకుని, అందరి ఫోన్లు, పర్సులు, పదకొండు జతల చెప్పులు ముందేసుకుని కూర్చున్నారు.

ఐదున్నర ప్రాంతంలో చూస్తే బాబు లేడు. "వాళ్ల బాబాయి దగ్గరున్నాడనుకున్నా" అన్నారు భర్త. "అన్న దగ్గరున్నాడనుకున్నా" అన్నాడు మరిది. అందరూ లైట్‌హౌస్ వైపు వెతుక్కుంటూ పోయారు. నలభై నిమిషాల తర్వాత అర కిలోమీటరు అవతల, వెతికిన దిక్కుకు సరిగ్గా ఎదురు దిక్కున, సుండల్ అమ్ముకునే ఒకామె పక్కన కూర్చుని ఏడుస్తూ దొరికాడు. తిరిగొచ్చేటప్పుడు బండిలో అత్తగారు మొదలుపెట్టారు, "తల్లివి, బిడ్డను చూసుకోవద్దా?" అని. ఏడాదిగా చుట్టాల్లో అదే మాట తిరుగుతోంది. భర్త ఆ మాట అనలేదట, కాదని కూడా అనలేదట.

ఈ ఎండాకాలం మళ్లీ అదే బృందం, అదే మెరీనా. పిల్లలు పట్టుబడుతున్నారు. భర్త "పోదాం, కానీ ఈసారి పిల్లోని పూచీ పూర్తిగా నీదే" అన్నారు. పాప ప్యాంటు, టీషర్టుతో నీళ్లలోకి దిగుతానంటే వాళ్ల జేజి (నాయనమ్మ) ఒప్పుకోవడం లేదు. బాబు అంగట్లో ఇప్పటికీ అమ్మ కొంగు వదలడు, అయినా సముద్రానికి పోదామని అడిగేవాళ్లలో వాడే ముందు. "వద్దంటే అందరి సరదా చెడగొట్టినదాన్నవుతా. సరేనంటే ఇప్పట్నుంచే నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?" అని అడిగారు. చివర్లో ఇంకో వాక్యం: "చెబితే నవ్వుతారేమో, అంత దూరం పోయి సముద్రంలో నా కాళ్లు కూడా తడవలేదు."

అమ్మా, నవ్వలేదు. ఉత్తరం మొత్తంలో నేను మళ్లీ మళ్లీ చదివిన వాక్యం అదే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఆ నలభై నిమిషాల సంగతి. బాబు చాప దగ్గర నుంచి తప్పిపోలేదు. మీ చేతిలోంచి జారిపోలేదు. నీళ్ల దగ్గర, ఇద్దరు మగవాళ్ల మధ్యలో తప్పిపోయాడు. మీరు చూస్తున్నది అత్తగారిని, సామాన్లను. ఆ పని మీకు అప్పగించారు, మీరు చేశారు, ఒక్క చెప్పు కూడా పోలేదు. పిల్లాడిని చూసే పని మాత్రం ఎవరికీ అప్పగించలేదు. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరు చూస్తారు. ఆరుగురు పెద్దలున్నప్పుడు ప్రతి ఒక్కరికీ ఇంకో ఐదుగురు చూస్తున్నట్టు ఉంటుంది. పెళ్లిళ్లలో పసిపిల్లలు బావి గట్టు దాకా పోయేది ఇలాగే. కాబట్టి మీరు మోస్తున్న నేరం మీది కాదు. అలాగని దాన్ని తీసి మీ ఆయన నెత్తిన పెట్టమని కూడా చెప్పడం లేదు.

ఎదురు దిక్కున దొరకడం వెనుక ఒక కారణం ఉంది, అది తెలిస్తే మీకు కొంత నిమ్మళంగా ఉంటుంది. అల ఒడ్డుకు నిట్టనిలువుగా వచ్చినట్టు కనిపిస్తుంది గానీ చాలాసార్లు ఏటవాలుగా వస్తుంది. అందుకే మోకాలి లోతు నీళ్లలో ఆడుకునేవాళ్లు తమకు తెలియకుండానే పక్కకు జరిగిపోతుంటారు. మన తూర్పు తీరంలో ఎండాకాలం గాలులకు ఈ ఈడ్పు సాధారణంగా ఉత్తరం వైపు ఉంటుంది. మెరీనా అంత వెడల్పుగా పెరిగింది కూడా దీనివల్లే. 19వ శతాబ్దం చివర్లో హార్బరు గోడలు కట్టాక దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుక అక్కడ ఆగిపోయి పేరుకుంది. మీ బాబు ఆడుకుంటూ ఉత్తరానికి జరిగాడు. తలెత్తి ఒడ్డుకొస్తే ఎదురుగా చాప లేదు. మీరంతా లైట్‌హౌస్ వైపు, అంటే దక్షిణానికి పోయారు. వాడు తప్పు చేయలేదు, అల్లరి కూడా చేయలేదు. ఈ సంగతి వాడికి చెప్పండి. ఎనిమిదేళ్లవాడికి అర్థమవుతుంది. ఏడాదిగా వాడి ముందే "తల్లివి చూసుకోవద్దా" అంటుంటే, అమ్మకు తిట్లు పడింది నావల్లే అని ఆ పసివాడు అనుకుంటూ ఉండొచ్చు. కొంగు పట్టుకోవడం అందుకేనేమో. ఆ రోజు ఏం జరిగిందో వాణ్ని ఎవరైనా కూర్చోబెట్టి అడిగారా? ఉత్తరంలో ఆ మాట లేదు. అడగండి. మధ్యలో అడ్డురాకుండా, మందలించకుండా వినండి.

ఇక మూడో పేజీలో బ్రాకెట్లలో ఒక మాట రాశారు, "ఆ రోజు మా మరిదికి కాస్త ఎక్కువైంది కూడా, ఆ సంగతి ఎవరూ ఎత్తరు" అని. అమ్మా, అది బ్రాకెట్లలో పెట్టే మాట కాదు. తాగిన మనిషి తన కాలి కింద ఇసుక జారుతున్నదీ లేనిదీ కూడా గుర్తించలేడు, ఇంక పిల్లల్ని చూసేదేముంది? పైగా మీ మరిది కేసీ కెనాల్లో ఈత నేర్చినోడని, ధైర్యమెక్కువని గొప్పగా చెబుతారట. కాలువలో నీళ్లు ఒకే దిక్కుకు పారతాయి, రెండు చేతులు వేస్తే గట్టు దొరుకుతుంది. సముద్రంలో అలలు ఒడ్డుకు తోసిన నీళ్లు వెనక్కి పోవడానికి సందు వెతుక్కుంటాయి. ఆ సందులో ప్రవాహం మనిషిని లోపలికి లాక్కుపోతుంది. చూసేవాళ్లకు అక్కడే అలలు తక్కువగా, నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి, పిల్లలతో దిగడానికి మంచి చోటనిపిస్తుంది. బాగా ఈత వచ్చినవాళ్లు కూడా ఒడ్డుకు ఎదురీది అలసిపోయి మునుగుతారు. అందులో చిక్కితే ఒడ్డుకు కాకుండా ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి, ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. మెరీనాలో ఈ లాగుడు ఎక్కువ. అందుకే అక్కడ స్నానానికి దిగడం నిషేధం, పోలీసులు విజిల్ వేసి వెనక్కి పిలుస్తుంటారు. మనవాళ్లు ఆ విజిల్‌ను బస్సు కండక్టర్ విజిల్‌లా తీసుకుంటారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఈ ఏడాది మీరు రానని చెప్పొచ్చు. తప్పేమీ లేదు. కానీ పిల్లలు ఆగుతారా? మీరు లేకుండా వాళ్ల నాన్నతో పోతారు. అప్పుడు మీరు ప్రొద్దుటూరులో ఫోన్ పట్టుకుని కూర్చుంటారు, అది ఇంకా నరకం. పిల్లల్ని కూడా ఆపితే, వాళ్లకు సముద్రం అంటే అమ్మ భయం అని గుర్తుండిపోతుంది. ఈ దారి పనికొచ్చేది ఒక్క సందర్భంలోనే. మరిది తాగడం మానేది లేదు, మీ ఆయన నోరు విప్పేది లేదు అని తేలిపోతే, అప్పుడు రానని, పిల్లల్ని పంపనని గట్టిగా చెప్పండి. చెడ్డపేరు వస్తుంది. రానివ్వండి, ఎలాగూ ఏడాదిగా మోస్తూనే ఉన్నారు.

రెండోది, చలికాలానికి వాయిదా. అత్తగారికి సముద్ర స్నానం చేయాలని ఉందని రాశారు కదా. పెద్దలు కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి చూసుకుని చేస్తారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి తుఫాన్ల కాలం, కార్తీకంలో సముద్రం ఎలా ఉంటుందో ముందుగా చెప్పలేం. మాఘ పౌర్ణమికైతే వాతావరణం హాయిగా ఉంటుంది, కానీ ఆ రోజు జనం విరగబడతారు, మోకాళ్ల నొప్పులావిడకు కష్టం. అత్తగారి స్నానాన్ని, పిల్లల ఆటను వేరు చేసి రెండు ప్రయాణాలు పెట్టుకుంటే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది, ఖర్చు మాత్రం రెండింతలు. సంక్రాంతి సెలవుల్లో చెన్నై వద్దు. కనుమ మర్నాడు, అక్కడివాళ్ల కాణుం పొంగల్‌కు, ఊరు ఊరంతా మెరీనాలోనే ఉంటుంది, పిల్లలు తప్పిపోతారని పోలీసులే చేతులకు పట్టీలు కడతారు. దసరా సెలవులంటారా, దసరాకు ప్రొద్దుటూరు వదిలి రమ్మంటే మీ ఆయనే కాదు, ఆ ఊళ్లో ఎవరూ కదలరు.

మూడోది, చోటు మార్చడం. నాకు నచ్చింది ఇదే, కారణం చెబుతాను, తర్వాత మీ ఇష్టం. మీ ఊరి మీదుగా పోయే 67వ నంబరు జాతీయ రహదారి మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు దాటుకుని నేరుగా నెల్లూరు చేరుస్తుంది. అక్కడి నుంచి మైపాడు తీరం పాతిక కిలోమీటర్లు. మొత్తం కలిపి రెండొందల కిలోమీటర్లు అటూ ఇటూ. చెన్నై మూడొందల పైమాట. మీ ఊరి పక్క పెన్న చివరికి సముద్రంలో కలిసేది కూడా నెల్లూరు జిల్లాలోనే, ఊటుకూరు దగ్గర. ఎండాకాలంలో పెన్నలో ఇసుక తప్ప ఏమీ చూడని మీ పిల్లలకు ఆ సంగతి చెబితే ముచ్చటపడతారు. నది కలిసే చోట మాత్రం నీళ్లలోకి దిగకూడదు, అక్కడ ప్రవాహాలు గజిబిజిగా ఉంటాయి.

మైపాడులో మెరీనా అంత జనం ఉండరు, ఆదివారం తప్పిస్తే ఇంకా పలచగా ఉంటారు. పిల్లాడు వంద గజాల దూరంలో ఉన్నా కనిపిస్తాడు. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో 61 రోజులు మరపడవల వేటకు విరామం. జాలర్లు ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. "అన్నా, ఎక్కడ దిగొచ్చు, ఎక్కడ లాగుతుంది?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న మీ మరిది ఈత కంటే ఎక్కువ పనికొస్తుంది. (చేపల పులుసు మీద ఆశ పెట్టుకుంటే మాత్రం ఆ రెండు నెలలూ చేప తక్కువ, ధర ఎక్కువ.) లోటు ఏమిటంటే, తోడికోడలికి ఫొటోల వెనక లైట్‌హౌస్ ఉండదు, షాపింగ్ ఉండదు, "ఇంతేనా?" అంటారు. మైపాడు క్షేమం అని కూడా నేను చెప్పడం లేదు. అక్కడా ప్రాణాలు పోయాయి. జనం తక్కువంటే కాపాడే చేతులు కూడా తక్కువే.

నాలుగోది, అందరూ పట్టుబడితే మెరీనాకే పోండి, కానీ వేళ మార్చండి. మన తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. మే నెలలో ఐదుంపావుకల్లా వెలుతురు వస్తుంది, ఆరయ్యేలోపే సూర్యుడు పైకొస్తాడు. ఆ వేళ ఇసుక చల్లగా ఉంటుంది, జనం తక్కువ. ఏడున్నరకల్లా లేచి రండి. అందరూ సాయంత్రమే పోతారు, మీరు పోయినసారి పోయింది ఆదివారం సాయంత్రం, అన్నింటికంటే కిటకిటలాడే వేళ. మధ్యాహ్నం తర్వాత గాలి కూడా పెరుగుతుంది. "నలభై నాలుగు డిగ్రీలు చూసినోళ్లం, మాకేం ఎండ" అనుకోవద్దు. మన ఎండలో చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. సముద్రం పక్కన గాలిలో తేమకు చెమట ఆరదు. ముప్పై ఎనిమిదికే ముసలివాళ్లు, పిల్లలు సొమ్మసిల్లుతారు. మజ్జిగ, ఓఆర్‌ఎస్ దగ్గర పెట్టుకోండి. మెరీనాలో రోడ్డు నుంచి నీళ్ల దాకా ఇసుకలో నడక కొన్నిచోట్ల 400 మీటర్లు దాటుతుంది, అత్తగారి మోకాళ్లకు అది శిక్షే. చక్రాల కుర్చీలు పోయేలా 2022లో అక్కడ ఒక చెక్కబాట వేశారు. ఆమెను అటు తీసుకుపోతే సముద్రం దగ్గరగా కనిపిస్తుంది, చాప మీద కూర్చోబెట్టి ఒకరిని కాపలా పెట్టే అవసరం ఉండదు.

మైపాడైనా మెరీనా అయినా ఉదయం ఒడ్డున ఉండాలంటే రాత్రంతా బండి నడపాలని మీవాళ్లు అంటారు. వద్దు. నిద్రలేని డ్రైవర్ సముద్రం కంటే ప్రమాదం. ముందురోజు సాయంత్రానికే చేరి లాడ్జిలో పడుకోండి. నెల్లూరైతే సాయంత్రం పెన్న ఒడ్డున రంగనాథస్వామి దర్శనం అత్తగారికి దొరుకుతుంది. పదకొండు మందికి గదులంటే ఖర్చే, చిత్రాన్నం, పెరుగన్నం ఇంటి నుంచి కట్టుకుపోతే కొంత మిగులుతుంది.

ఏ దారి ఎంచుకున్నా ఒక సంభాషణ తప్పదు, మీ ఆయనతో. "పూచీ నీదే" అన్న మాట మీకు శిక్షలా వినిపించింది. నాకు అందులో ఆయన భయం కూడా వినిపించింది. ఆ నలభై నిమిషాలు ఆయన కూడా నీళ్ల వైపు చూస్తూ పరుగెత్తారు. బిడ్డ తన దగ్గరే తప్పిపోయాడని ఆయనకు తెలుసు, అందుకే ఏడాదిగా మాట లేదు. ఇది నా ఊహే, తప్పు కావచ్చు. పోయిన ఏడాది లెక్క తీస్తే గొడవవుతుంది. ఈ ఏడాది లెక్క వేయండి, ఆయనకు లెక్కలు వచ్చు కదా. "ఐదున్నర నుంచి ఆరున్నర దాకా బాబు మీ పూచీ. ఫోన్ ముట్టుకోకూడదు, కన్ను తిప్పకూడదు, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి. ఆరున్నర నుంచి ఏడున్నర దాకా నా పూచీ. మార్చుకునేటప్పుడు నోటితో చెప్పాలి, 'ఇంక నీదే' అని." మరిది పిల్లలకు మరిది భార్య, మరిది. ఆడబిడ్డ కొడుక్కి ఆడబిడ్డ. పాపకు కూడా ఎవరో ఒకరు ఉండాలి, పదమూడేళ్ల పిల్ల తనను తాను చూసుకుంటుందని వదిలేయొద్దు, తమ్ముణ్ని చూసే పని ఆమెకు అస్సలు అప్పగించొద్దు. తాగినవాళ్లకు ఆ రోజు ఏ పిల్లా అప్పగించేది లేదు, ఆ మాట మరిదితో చెప్పాల్సింది వాళ్ల అన్న, మీరు కాదు. దీనికి మీ ఆయన ఒప్పుకుంటే పోండి. నవ్వేసి "పెద్ద సైన్యం నడుపుతున్నావ్" అంటే, ఆయన వంతు గంటలో బాబు నీళ్లలోకి పోడని అక్కడికక్కడే చెప్పండి. మాట పడతారు. అయినా ఆ ఒక్క గంట విషయంలో తగ్గొద్దు.

పాప బట్టల గొడవ సులువుగా తీరేదే. జేజి బాధ మానం గురించి, మీరు ప్రాణం గురించి చెప్పండి. చున్నీ, లంగా తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. ఒంటికి నిండుగా ఉండే ప్యాంటు, పొడుగు చేతుల టీషర్టు ఇద్దరికీ సమ్మతమవుతుంది. రంగు ముఖ్యం. నీలం, తెలుపు నీళ్లలో కలిసిపోతాయి, కనకాంబరం రంగో, చిలకాకుపచ్చో కొనండి. ఆ రోజుకు నెలసరి వస్తే దిగాలా వద్దా అన్నది ఆ పిల్లకే వదిలేయండి.

బాబుకు మీ ఫోన్ నంబరు కంఠతా పట్టించండి, చేతి మీద పెన్నుతో కూడా రాయండి. పోయినసారి వాడు తెలుగులో ఏడ్చాడు, సుండల్ ఆమెకు తమిళమే వచ్చు, నలభై నిమిషాల్లో కొంత అక్కడే పోయింది. (సుండల్ అంటే మన గుగ్గిళ్లే, ఆ పేరు తెలిస్తే వాడికి ఆమె అంటే భయం పోతుందేమో.) తప్పిపోయాననిపిస్తే నడవడం ఆపేసి అక్కడే నిలబడమని, ఏదైనా అమ్ముకునే అవ్వకు ఆ చెయ్యి చూపించమని చెప్పండి. పెద్దలకు కూడా ఒక మాట: ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకే అందరూ దూకొద్దు. ఒకరి కోసం దిగి ముగ్గురు పోయిన ఇళ్లున్నాయి. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్ విసరండి, కేకలేసి జాలర్లను, పోలీసులను పిలవండి, 112కు ఫోన్ చేయండి.

ఇప్పుడు మీ కాళ్ల సంగతి. ఆరున్నర నుంచి ఏడున్నర దాకా బాబు మీ పూచీ అన్నాను కదా. అంటే అంతకుముందు గంటలో మీకు ఏ పూచీ లేదు. అత్తగారి పక్కన ఆడబిడ్డ కూర్చుంటుంది, ఆమె కన్నతల్లే కదా. ఆమె వంతులో ఆమె కొడుకూ పక్కనే ఇసుకలో ఆడుకుంటాడు. పర్సులు, ఫోన్లు ఒక సంచిలో వేసి బండిలో డ్రైవర్ దగ్గర పెట్టండి, ఫొటోలకు ఒక్క ఫోన్ చాలు. చెప్పులు కూడా బండిలోనే వదిలి దిగమనండి, పదకొండు జతలూ. ఆ వేళ ఇసుక కాలదు.